నలభై మూడో సంతకం

వెంకటరమణప్ప సంతకం పెట్టడు.

రాక కాదు. ముప్పై ఏళ్లు మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే బస్సులో కండక్టరుగా పనిచేశాడు. తెలుగు, ఇంగ్లీషు చదువుతాడు. తమిళంలో పోట్లాడతాడు, కన్నడంలో రాజీపడతాడు. అయినా ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా, కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివి, తెచ్చినవాళ్ల చేతికే తిరిగిచ్చేస్తాడు.

"మన దేశమే పెట్టలా. నేను యాల పెట్టల్ల?" అంటాడు.

దేశం దేనికి పెట్టలేదని పొరపాటున అడిగారా, ఆ పూటకి మీ పనులన్నీ ఆగిపోయినట్లే. అణ్వాయుధాలు ఇంకెవరూ చేసుకోకూడదని ప్రపంచ దేశాలు రాసుకున్న ఒప్పందం దగ్గర మొదలుపెట్టి, అణుపరీక్షలు చెయ్యకూడదన్న ఇంకో ఒప్పందం దాకా, స్టేజీ స్టేజీకీ ఆగుతూ తీసుకుపోతాడు. ప్రయాణికులు సీట్లలో వదిలేసి పోయిన పేపర్లే ఆయన చదువు. ముప్పై ఏళ్ల పేపర్లు బుర్రలో ఉన్నాయి. దిగుతానంటే దించడు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు డ్యూటీ కాగితాల మీద మరి ఏం చేసేవాడని అనుమానం రావచ్చు. పొట్టి గీత ఒకటి గీసేవాడు. "అది గీత. సంతకం గాదు. గీతకు మాట తప్పేది ఉండదు" అనేవాడు. డిపోలో నాలుగేళ్లు వాదించి వాదించి, అలిసిపోయి, ఆ గీతనే సంతకంగా ఒప్పుకున్నారు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

కొడుకు ధనుంజయ ఏడో తరగతిలో ఉండగా లెక్కల్లో ముప్పై నాలుగు వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం కావాలి. వెంకటరమణప్ప ఆ గడిలో అందమైన అక్షరాలతో "చూశాను. ఒప్పుకోలేదు" అని రాసి పంపాడు. హెడ్మాస్టరు కబురు పెట్టించి, "ఏమప్పా, మార్కులు వొచ్చినాక నువ్వు ఒప్పుకునేదేముండాది?" అన్నాడు. "ఇంగొక్క మార్కు ఏస్తే పాస్ అయ్యేటోడు. ఆ ఒక్క మార్కు దగ్గర మీరు నిలబడుకోని ఉంటే, నేను ఈడ నిలబడుకుంటా" అని ఈయన జవాబు. ధనుంజయ ఆ తర్వాత లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు. తండ్రి మళ్లీ స్కూలుకు వస్తాడేమోనన్న భయం అంత పని చేసింది.

హెర్నియా ఆపరేషనుకు మదనపల్లెలో ఒక నర్సింగ్ హోంకి తీసుకుపోయారు. ఏం జరిగినా మాకు బాధ్యత లేదు అన్న కాగితం తెచ్చిపెట్టారు. గౌను తొడుక్కుని, స్ట్రెచర్ మీద పడుకుని, దాన్ని రెండుసార్లు చదివాడు. "కోసేది మీరు, బాధ్యత నాదా?" అన్నాడు. డాక్టరు నవ్వాడు, బతిమాలాడు, వాచీ చూసుకున్నాడు. చివరికి భార్య కుసుమ సంతకం పెట్టింది. ఆ ఇంటికి విదేశాంగ శాఖ ఆమే. గ్యాస్ కాగితం దగ్గర్నుంచి కొడుకు పెళ్లి రిజిస్టరు దాకా సంతకాలన్నీ ఆవిడవే.

"నా పెండ్లప్పుడు ఈ రిజిస్టర్లు లేవు కాబట్టి నాకు మొగుడు దొరికినాడు" అంటుంది కుసుమ.

ఈయన ఊరు ఎర్రదిబ్బపల్లె. పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు పోయే దారిలో ఉంటుంది. అక్కడ బస్సు ఆగాలని అర్జీ రాసింది ఈయనే. ఇల్లిల్లూ తిరిగి అందరి చేతా సంతకాలు పెట్టించింది ఈయనే. తాను పెట్టలేదు. స్టాపింగ్ వచ్చింది. మొదటి రోజు బస్సెక్కి దర్జాగా కిటికీ పక్కన కూర్చుంది కూడా ఈయనే.

అలాంటి మనిషి చేత సంతకం పెట్టించే పని ప్రమీల మీద పడింది.

ప్రమీల కుప్పం అమ్మాయి. అమ్మా, అమ్మమ్మా కూలికి పోయినవాళ్లు. ఆ ఇంట్లో మొదటి నెలజీతం ప్రమీలది. ఒక రోజు పోస్టులో వచ్చిన ఉద్యోగపు కాగితం ఆ ఇంటి రాతను మార్చింది కాబట్టి, కాగితమంటే ఆమెకు గురి. భూగర్భ జలాల మీద పనిచేసే ఒక సంస్థ ఆమెను ఎర్రదిబ్బపల్లెకు పంపింది. రెండేళ్లుగా స్కూటీ మీద తిరుగుతోంది.

ఊళ్లో నలభై మూడు మంది రైతులు. ముప్పై ఒక్కమందికి బోర్లున్నాయి, పన్నెండు మందికి లేవు. పక్కవాడు ఆరువందల అడుగులు వేస్తే ఈయన ఎనిమిది వందలు, ఈయన్ని చూసి ఇంకొకాయన వెయ్యి. పోయిన వేసవికి సగం బోర్లు గాలి కక్కాయి. అందుకని ప్రమీల ఒక ఒప్పందం తయారు చేసింది. ఐదంటే ఐదు అంశాలు. ఐదేళ్లు కొత్త బోరు వెయ్యకూడదు, ఉన్నదాన్ని లోతు చెయ్యకూడదు, ఉన్నవాళ్లవి ఉన్నట్లే ఉంటాయి, చెరుకూ వరీ పెట్టకూడదు, మాట తప్పినవాళ్లకు సంస్థ సాయం ఆగిపోతుంది. అందరూ సంతకం పెడితే సంస్థ వాననీటి కుంటలు తవ్విస్తుంది, డ్రిప్పు పైపులు ఇస్తుంది. శుక్రవారం లోపల నలభై మూడు సంతకాలూ కావాలి, ఒక్కటి తగ్గినా ఈ కుంటలు వేరే ఊరికి పోతాయి.

సోమవారానికి నలభై రెండు వచ్చాయి. మొదటిది దామోదర్‌ది. ఆయనకు మూడు బోర్లు. సంతకం పెట్టి, కండువా సర్దుకుని, నీరే ప్రాణమని పావుగంట మాట్లాడాడు కూడా.

వెంకటరమణప్ప కాగితాన్ని రెండుసార్లు చదివాడు. సంతకాల వరసలో ఒకచోట ఆగి చాలాసేపు చూశాడు.

"తులసమ్మ కూడా పెట్టిందే!"

"పెట్టింది కండక్టరప్పా. వేలిముద్ర గాదు, సంతకమే!" అంది ప్రమీల ఉత్సాహంగా.

"ఎవురుండారు ఆడ, ఆమె పెట్టేటప్పుడు?"

"దామోదరన్న ఉండాడు. ఆయన అరుగు మిందే కదా పెట్టించినాము."

తులసమ్మది ఎకరం పొలం. బోరు లేదు. ఆ ఎకరంలో టమోటా పెట్టుకుని, మిగతా రోజుల్లో దామోదర్ పొలంలో కూలికి పోతుంది. వెంకటరమణప్ప కాగితం మడిచి ప్రమీల చేతికిచ్చాడు.

"సూసినా. ఒప్పుకోలా."

"యాలప్పా? ఇది ఊరి మంచికి రాసిన కాయితం!"

"కూర్చోమ్మా. బస్సనుకో." కుసుమ లోపల్నుంచి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి పెట్టింది. బస్సు మొదలైందంటే సేపు పడుతుందని ఆమెకు తెలుసు. "మదనపల్లె స్టాండులో ఐదు మంది, బాంబులుండే ఐదు దేశాలనుకో, ముందెక్కి సీట్లలో కూర్చున్యారు. కూర్చున్యాక కాయితం రాసినారు. ఇంగెవురూ సీట్లో కూర్చోకూడదు, కూర్చుంటే బస్సుకు ప్రమాదం అని. మీరు లేస్తారా అంటే, లేస్తాము, మెల్లింగా లేస్తాము అన్యారు. యాబై ఏండ్లు దాటింది. ఒక్కడూ లేసింది లేదు."

"మన దేశం యాడెక్కింది?"

"పుంగనూర్లో. సంతకం పెట్టలా. డెబ్బై నాలుగులో కిటికీలోంచి సీటు మింద టవలేసింది. తొంబై ఎనిమిదిలో పొయ్యి కూర్చునేసింది."

ప్రమీలకు నవ్వొచ్చింది. కానీ ఆమె కుప్పం పిల్ల, అంత తేలిగ్గా దిగిపోదు.

"మంచిది. మిగతా నూట ఎనబై చిల్లర దేశాలు సంతకం పెట్టి నిలబడే కదా ఉండాయి? అందరూ కూర్చునింటే బస్సు ఏమయ్యుండు? దక్షిణాఫ్రికా అయితే చేసుకున్న బాంబుల్ని కూడా ఇప్పేసిందంట. నేనూ చదివినా."

"ఇప్పేసింది. భయం తీరినాక ఇప్పేసింది, ఆనెంక సంతకం పెట్టింది. ఉత్తర కొరియా సంతకం పెట్టింది, భయం పుట్టినాక బయటికొచ్చి బాంబు చేసింది. మనిషిని ఆపేది భయం, లేదంటే నమ్మకం. కాయితం ఎట్ల ఆపుతుందమ్మా?"

"మాటంటూ ఒకటి రాసుకుంటేనే కదప్పా రేపు నిలదీసేది? రాయకుంటే ఏమని అడగల్ల?"

వెంకటరమణప్ప మజ్జిగ గ్లాసు పైకెత్తి ఆగాడు. "అది మంచి మాటే" అన్నాడు. ప్రమీల గబుక్కున పెన్ను తీసింది. "కానీ ఆరోది యాడ?" అన్నాడు.

"ఆరోదా?"

"ప్రపంచం కాయితంలో ఆరో మాట ఉండాది. ఉన్నోళ్లు కూడా తగ్గించుకోవల్లని. ఎవురూ చెయ్యలా, కానీ సిగ్గుకైనా రాసుకున్యారు. నీ కాయితంలో అదీ లేదు. ఐదుతో నిల్చిపోయింది."

ప్రమీల మండిపడుతూ స్కూటీ ఎక్కింది. రెండేళ్ల కష్టం ఒక ముసలాయన మొండితనానికి పోతోందని ఏడుపొచ్చింది. ఆ కోపంలో నేరుగా దామోదర్ ఇంటికి పోయి, "ఆయన పెట్టేటట్లు లేడన్నా, మీరన్నా చెప్పండి" అని చెప్పేసింది. అది తప్పని రెండు రోజులకు తెలిసింది.

ఎందుకు తప్పో తెలియాలంటే రాయి సంగతి చెప్పాలి.

వెంకటరమణప్పకు రెండెకరాలుంది. బోరు లేదు, వానకు వేరుశనగ వేస్తాడు. ఆరేళ్ల కిందట గురప్ప వచ్చి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచాడు. ఈ వైపు నీళ్లు చూసేది అలాగే, నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. అందరి పొలాల్లో ఊరికే లేచిన కాయ, వెంకటరమణప్ప పొలంలో లేచి, గిర్రున తిరిగి, గురప్ప చేతిలోంచి దూకింది. చెయ్యి చెమట పట్టి జారిందని గురప్ప తర్వాత చెప్పుకున్నాడు గానీ వినేవాళ్లు లేకపోయారు. కింద సముద్రమే ఉందని, ఆ పొలం అందరి పొలాలకంటే పల్లంలో ఉంది కాబట్టి అక్కడ బోరు పడితే ఊళ్లో మిగతా బోర్లన్నీ ఎండిపోతాయని ఊరు తీర్మానించేసింది. వెంకటరమణప్ప ఆ చోట ఒక రాయి పాతాడు.

"ఎప్పుడేస్తావన్నా?" అని అడిగితే "సూస్తాము" అంటాడు. "అయితే వెయ్యవా?" అంటే దానికీ "సూస్తాము." ఆరేళ్లుగా అదే మాట. వేస్తానని చెప్పి ఉంటే పంచాయతీ పెట్టి ఆపేవాళ్లు. వెయ్యనని చెప్పి ఉంటే నిద్రపోయేవాళ్లు. ఆ రెండూ లేక దామోదర్ రోజూ పొద్దున లేచి పళ్లు తోముకుంటూ ముందు ఆ రాయిని చూసేవాడు.

బుధవారం పొద్దున ఆ రాయికి పసుపు పూసి ఉంది. కుంకుమ బొట్లున్నాయి. పక్కన పగలగొట్టిన టెంకాయ చిప్పలు రెండు.

ఈ ప్రాంతంలో ఏ చిన్న పిల్లనడిగినా చెబుతుంది. బోరు పాయింటు దగ్గర పసుపు, కుంకుమ, టెంకాయ అంటే బోరు లారీ బయల్దేరిందని అర్థం. సంతకం పెట్టనన్నాడు, వెంటనే పూజ చేశాడు. ఊరంతా గుప్పుమంది. దామోదర్ నోట్లో బ్రష్షు అలాగే ఉండగా తమిళనాడులోని తిరుచెంగోడుకు ఫోన్ చేశాడు. బోరు లారీలు వచ్చేది అక్కడినుంచే.

గురువారం మధ్యాహ్నం ఊరి మగవాళ్లు దాదాపు అందరూ టమోటా బుట్టలతో మదనపల్లె మార్కెట్లో ఉన్నారు. ఆ వేళ చూసి లారీలు రెండు వచ్చాయి, ఒకదాని మీద మిషను, ఇంకోదాని మీద రాడ్లు. బోరు లారీ వచ్చిన సంగతి ఊరికి తెలియకుండా ఉండాలనుకోవడం, ఏనుగును చాప కింద దాచాలనుకోవడమే. తులసమ్మ ఫోన్ చేసింది. ప్రమీల పలమనేరు రోడ్డు నుంచి స్కూటీని తిప్పుకుని వచ్చేసరికి వెంకటరమణప్ప బండిబాట నడుమ నిలబడి ఉన్నాడు. పంచె ఎగ్గట్టి, చెయ్యి పైకెత్తి, గొంతు నిండా ఒకటే కేక.

"హోల్డాన్!"

లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ గొంతుకు ముప్పై ఏళ్లు బస్సులే ఆగాయి.

"ఏమప్పా దామోదరా, ఇది?"

దామోదర్ లారీలోంచి దిగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఫ్లషింగన్నా. పాత బోర్లో మట్టి పడింది. కడిగించుకుంటాండా. ఒప్పందంలో కడగొద్దని లేదు కదా."

"నీ బోరు లోతెంత?"

"ఎనిమిది నూర్లు."

వెంకటరమణప్ప డ్రైవరు వైపు తిరిగి తమిళంలో, ఎన్నడుగుల రాడ్లు తెచ్చావని అడిగాడు. పాపం అతనికి ఏం తెలుసు, పన్నెండు వందలని గర్వంగా చెప్పాడు.

"ఎనిమిది నూర్ల బోర్లో పన్నెండు నూర్ల అడుగులు కడుగుతావా? మిగతా నన్నూరు అడుగుల్లో మట్టి ఎవురు పోసినారప్పా?" అన్నాడు వెంకటరమణప్ప. "సర్లే, డెబ్బై నాలుగులో బాంబు పేల్చి, శాంతి కోసరం పేల్చినామని మనోళ్లూ చెప్పినారు. నిన్నని ఏం లాభం!"

ప్రమీలకు ఒళ్లు మండిపోయింది. "మొదటి సంతకం మీదే కదన్నా! నీల్లే ప్రాణమని మైకు లేకుండానే మాట్లాడినారే!"

"నేను పెట్టినా, ఆయన పెట్టలా!" దామోదర్ గొంతు కూడా లేచింది. "ఆయన రేపు ఏసేస్తే నా మూడు బోర్లూ ఏంగావల్ల? నువ్వొచ్చి నీల్లు పోస్తావా? పూజ కూడా అయిపోయె! పసుపు పూసి టెంకాయ కొట్టినారు!"

"ఎవురు కొట్టింది?" అన్నాడు వెంకటరమణప్ప. ఆయనకు నిజంగానే తెలియదు.

"నేను" అంది వెనకనుంచి కుసుమ. చేతిలో ఇంకా చాట ఉంది. "కలుపు తీస్తాంటే ముక్కుపుడక పడిపాయ. మూడు దినాలు ఎతికినా. ఆ రాయి మొదట్లో దొరికింది. దొరికినాక ఊరికే వొచ్చేస్తారా ఎవురన్నా? పసుపు పూసి టెంకాయ కొట్టినా. ఏం, తప్పా?"

డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, బీడీ వెలిగించుకున్నాడు. ముక్కుపుడక మీద యుద్ధం దాకా వచ్చారని అతనికి ఎవరూ చెప్పలేదు.

ప్రమీల కోపం ఇప్పుడు ముసలాయన మీదికి తిరిగింది. "వెయ్యనని మీరు ఒక్క మాట చెప్పుంటే ఈ లారీ వచ్చుండునా కండక్టరప్పా?"

"వచ్చుండదు. నిజమే." ఆయన తల వంచుకున్నాడు. ప్రమీల అది ఎప్పుడూ చూడలేదు. "వెయ్యనని చెప్పుంటే తులసమ్మ చేనుకు తడి కూడా వొచ్చుండదు."

"అంటే?"

దామోదర్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. గట్టు మీద నిలబడ్డ తులసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది.

చెప్పింది ఆమే. ఎండ ముదిరి ఆమె టమోటా చెట్లు వాలిపోయినప్పుడల్లా దామోదర్‌ను ఒక తడి, అంటే చేను ఒక్కసారి తడిపే నీళ్లు, అడుగుతుంది. దామోదర్ కరెంటు లేదంటాడు. మర్నాడు వెంకటరమణప్ప ఆ రాయి దగ్గర నిలబడి, ఫోను చెవికి పెట్టుకుని, నాలుగు పొలాలకు వినిపించేలా తమిళంలో అరుస్తాడు. సాయంత్రానికల్లా దామోదర్ బోరు నీళ్లు తులసమ్మ కాలవలోకి వచ్చేస్తాయి. మళ్లీ అడగకుండానే. ఆరేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

"తిరుచెంగోడుకు చేసేవాడు. లారీకి. నేను నీల్లు వదిలితేనే ఆపేవాడు" అన్నాడు దామోదర్ ఉక్రోషంగా.

"నా ఫోన్లో తిరుచెంగోడు నెంబరే లేదప్పా. కుప్పంలో మునికుమార్ ఉండాడు, నా బస్సు డ్రైవరు. ఆయనకు చెవుడు. అట్ల అరిస్తేనే వినిపిస్తాది."

ప్రమీల చేతిలోని ఒప్పందం మళ్లీ చదువుకుంది. తాను రాసిందే, ఇరవైసార్లు దిద్దిందే. ఐదేళ్లు కొత్త బోరు వెయ్యకూడదు. ఉన్నవాళ్లవి ఉన్నట్లే ఉంటాయి. ఈయన దీనికి సంతకం పెట్టిన మరుక్షణం ఆ రాయి ఉత్త రాయి అయిపోతుంది, తులసమ్మ చెట్లు వాడిపోతే దామోదర్‌కు కరెంటు ఉండదు. తన అమ్మ ముప్పై ఏళ్లు ఇలాంటి అరుగుల ముందు నిలబడింది. ఆ అరుగు మీదే తాను తులసమ్మ చేతికి పెన్ను ఇచ్చింది. ప్రమీలకు చాలా సిగ్గేసింది.

"ఆరోది చెప్పండప్పా. రాసుకుంటా" అంది.

లారీ నీడలో, రాడ్ల మీద కూర్చుని రాసింది. వెంకటరమణప్ప చెప్పింది రెండు మాటలే. బోరున్న ప్రతివాళ్లూ ఎనిమిది రోజులకు ఒక తడి, పక్కనున్న బోరు లేనివాళ్లకు ఇవ్వాలి, అడిగించుకోకుండా. ఇంకోటి, సంతకాలు పెట్టాల్సింది బోరున్నవాళ్లు. "లేనోళ్లతో వెయ్యమని రాయించుకునేదేందమ్మా? సీటులో కూర్చున్యోడే కదా జరుగుతానని రాసియ్యల్ల."

"నేను ఒప్పుకోను" అన్నాడు దామోదర్.

"ఒప్పుకోవద్దు. లారీ ఈడ్నే ఉంటాది" అన్నాడు వెంకటరమణప్ప, బాట మధ్యలో చక్కగా మఠం వేసుకుని. "మార్కెట్టు నుంచి అందరూ మూడు గంటల బస్సుకు దిగుతారు. కడిగేదానికి తెచ్చిన రాడ్లు వాళ్లూ లెక్కపెట్టుకుంటారు. ఆనెంక వాళ్లూ తలా ఒక లారీకి ఫోన్ చేస్తారు. ఆ లాస్టు లారీ నాది. సూస్తాము."

దామోదర్ రాయిని చూశాడు, లారీని చూశాడు, బస్సు వచ్చే రోడ్డును చూశాడు. రెండున్నరకు సంతకం పెట్టాడు. ఈసారి ఉపన్యాసం లేదు. వెంకటరమణప్ప లేచి, పంచె దులుపుకుని, "రా... రా... రా... హోల్డాన్... రైట్ రైట్!" అంటూ లారీలను వెనక్కి నడిపించి రోడ్డెక్కించాడు. డ్రైవరుకు దామోదర్ చేత భోజనం పెట్టించి మరీ పంపాడు. మిగతా ముప్పై మంది చేత సంతకాలు పెట్టించేసరికి ప్రమీలకు పొద్దు గుంకింది.

శుక్రవారం మదనపల్లె ఆఫీసు నుంచి నందిని మేడం వచ్చింది. పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేశారు. కాగితం చూసి కళ్లు చిట్లించింది.

"ముప్పై ఒకటే ఉన్నాయి ప్రమీలా. నా ఫారంలో నలభై మూడు గళ్లున్నాయి."

"బోర్లు ఉండేది ముప్పై ఒక్కమందికే మేడం."

"మరి ఆ కండక్టరాయన? ఆయన పొలంలోనే కదా అసలు నీళ్లున్నాయంటున్నారు? రేపు ఆయన బోరు వేస్తే?"

"ఎయ్యొచ్చు మేడం" అంది ప్రమీల. "ఎయ్యగలడని తెలిసే కదా వీళ్లు మాట మింద నిలబడేది. ఆయన కూడా సంతకం పెట్టేస్తే ఈ కాయితానికి కాపలా ఎవురు? నిన్నటి దినం మొదటి సంతకం పెట్టినాయనే లారీ తెచ్చినాడు. సంతకం పెట్టనాయన ఆపినాడు."

"ఇలాంటిది ఇంకే ఊళ్లోనూ లేదు. పైన ఒప్పుకోరు."

"ఒప్పుకోకుంటే కుంటలు తీసుకోని పొండి మేడం." తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు ప్రమీలే ఉలిక్కిపడింది, కానీ ఆగలేదు. "నాకు ఇంకో ఊరు ఇయ్యండి, లేదంటే ఉద్యోగమే వద్దనండి. లేనోళ్లతో సంతకం పెట్టించే కాయితం మాత్రం నేనింగ మొయ్యను."

వరండా చివర నిలబడ్డ వెంకటరమణప్ప దగ్గాడు. చూస్తే కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. కాగితం చదవబోయే ముందు తప్ప ఆయన అది తుడవగా ఎవరూ చూడలేదు.

నందిని కాగితం ఒళ్లోకి దించింది. "సరే. తడి నిజంగా ఇస్తున్నారో లేదో నాకు తెలిసేదెట్లా? దామోదర్ ఇచ్చానంటాడు."

"నీల్లు అందినోళ్లు సంతకం పెట్టల్ల మేడం. ఎనిమిది దినాలకొకసారి. ఆ సంతకం ఉంటేనే బోరున్నాయనకు డ్రిప్పు పైపు."

నందిని కాగితాన్ని ఇంకోసారి చదివింది. ఆ తర్వాత పెన్ను తీసి, ఫారంలో మిగిలిన పన్నెండు గళ్ల మీదా ఒకే అడ్డగీత గీసి, కింద తన సంతకం పెట్టింది. "పైన నేను చెప్పుకుంటాను. ఆ పాత కాగితం రద్దు చెయ్యండి. అందులో బోరు లేనివాళ్లు పెట్టిన సంతకాలన్నీ కొట్టెయ్యండి" అంది.

పదిమంది కొట్టేశారు. తులసమ్మ మాత్రం కాగితాన్ని గుండెకు అదుముకుంది.

"నేను కొట్టెయ్యనమ్మా. నేను మొట్టమొదట పెట్టిన సంతకం ఇది."

ప్రమీల దాన్ని అప్పుడు సరిగ్గా చూసింది. గడి దాటి పక్క గడిలోకి పోయిన లావు అక్షరాలు, బస్సు ముందు బోర్డు మీద ఊరి పేరు రాసినంత పెద్దవి. "సరే అక్కా, ఆ కాయితం మీరే పెట్టుకోండి. ఇంగ మీదట ఈ ఊర్లో అందరికంటే మీరే ఎక్కువ సంతకాలు పెట్టల్ల" అంది. "ఇంత బాగా యాడ నేర్చుకున్యారు?"

"కండక్టరప్ప నేర్పినాడు. మూడు నెలలు, పాత టికెట్ల ఎనకపక్క రాపించి."

ప్రమీల వరండా చివరికి చూసింది. వెంకటరమణప్ప అప్పటికే మెట్లు దిగి, ఎవరికీ దొరక్కుండా బస్టాపు వైపు గబగబా నడుస్తున్నాడు.

"ఆయనా? జన్మలో సంతకం పెట్టనాయనా?"

"నేనూ అదే అడిగితినమ్మా" అంది తులసమ్మ. "'ముప్పై ఏండ్లుగా నేను పెట్టని సంతకాలు శానా మిగిలిపోయినాయి తులసమ్మా, నువ్వు వాడుకో' అన్యాడు."